నాగరాజు పడక

మా కైఫెంగ్‌లో ఇల్లు కట్టేవాడు పునాది తవ్వితే ముందు తాతల ఇంటి గోడ తగులుతుంది. ఇంకా తవ్వితే వాళ్ళ తాతలది. పసుపునది ఒండ్రుతో ఊరిని పూడ్చిన ప్రతిసారీ ఊరు ఆ మట్టి మీదే మళ్ళీ లేచింది. ఇది మాకు వింత కాదు. పిల్లలు వీధిలో గెంతుతూ, "మెల్లగారా, కింద రాజుగారు పడుకున్నారు" అని వెక్కిరించుకుంటారు. నేనూ అలా గెంతినవాణ్ణే. ఆ మాట బరువు నాకు ముప్పై దాటాక, నడుముకు తాడు కట్టుకుని బావిలో వేలాడుతుంటే తెలిసింది.

మాది బావుల పూడిక తీసే పని. మాది అంటే మా మామది. ఆయన కూతుర్ని చేసుకున్నాను కాబట్టి నాదీ అయింది. మామ ఇంటిపేరు గెంగ్. ఆయన తాత ముత్తాతలు చింగ్ రాజుల కాలంలో షాన్షీ కొండల నుంచి వచ్చి, ఇక్కడే బావులు తవ్వుకుని బతికారు. ఏటా వసంతంలో ఒక్కో సందుకీ వెళ్ళి, బావిలో దిగి, బురద ఎత్తిపోసి రావడం. నేను దిగేవాణ్ణి, మామ పైన తాడు పట్టేవాడు.

"అల్లుడూ, ఊపిరాడుతోందా?"

"ఆఁ."

"ఆడుతుంటే ఇంకో మాట చెప్తే ఏం పోయింది? నా కూతురు నీతో ఎట్లా వేగుతోందో."

గంపల సందు బావి మిగతా బావుల్లాంటిది కాదు. చుట్టుపక్కల ఏ బావి నీళ్ళు తాగినా నాలుక్కి చౌడు తగులుతుంది. ఈ ఒక్కదానివే తియ్యగా ఉండేవి. దాని అడుగూ వేరు. అన్ని బావుల్లో కాలు బురదలో దిగబడుతుంది. ఇందులో మాత్రం పాదానికి గుండ్రటి బండ తగిలేది. బండంతా వరసవరసలుగా గీతలు. ఒక పక్క గీతలు పదునుగా, మరో పక్క నున్నగా అరిగి ఉండేవి. అది నాగరాజు పడక అని, గీతలు ఆయన పొలుసుల అచ్చులని మామ చెప్పేవాడు. ఒక పక్కకే ఒత్తిగిలి పడుకుంటాడు కాబట్టి ఆ పక్క అరిగిందట. బండలో ఒక చోట పిడికిలి పట్టేంత కన్నం ఉంది. అది ఆయన నోరు. నీళ్ళు అందులోంచే ఊరతాయని మామ వాళ్ళ తాత చెప్పాడు. అందుకని ఏటా పూడిక తీశాక ఆ నోటి చుట్టూ సారా చల్లి, ఐదు ధాన్యాలు మూటగట్టిన ఎర్రగుడ్డ ఆ నోట్లో కుక్కి, దణ్ణం పెట్టి పైకొచ్చేవాళ్ళం. ఆ పడకకు గడ్డపార తగలనివ్వకూడదు. అది మా వంశం కట్టుబాటు.

ఆ బావి నీళ్ళ మీద బతికేది దూ వదిన. సందు మొదట్లో ఆమె తోఫు దుకాణం. అత్తగారు నేర్పిన పని, అత్తగారు వదిలిన తిరగలి. మొగుడు పోయాక కూడా ఆ రాయి ఆగలేదు. తెల్లారకముందే సోయా గింజలు రుబ్బి, పాలు కాచి, చేదుప్పు నీళ్ళతో విరగ్గొట్టి, గుడ్డలో బిగించి బరువు పెట్టేది. సందుకి కుళాయి వచ్చినప్పుడు ఒకసారి కుళాయి నీళ్ళతో చేసి చూసింది. మందు కంపు కొట్టింది, ముక్క కోస్తే పొడిపొడిగా రాలింది. దాన్ని కుక్క కూడా ముట్టలేదని ఆమే చెప్పుకుని నవ్వేది.

ఆ ఏడు వసంతంలో బావి ఎండింది. పక్క వీధిలో ఐదంతస్తుల భవనానికి పునాది తవ్వుతూ, పంపులు పెట్టి రాత్రింబవళ్ళు నీళ్ళు తోడి పోస్తున్నారు. మొదట బిందెలో సగం బురద వచ్చింది, తర్వాత అదీ లేదు.

వీధి సంఘం పెద్ద ల్యాంగ్ అక్క చేతికి ఎర్రపట్టీ కట్టుకుని వచ్చింది.

"సమాధులు ఊడ్చే పండుగ లోపల నీళ్ళు పడితే సరే. లేకపోతే పూడ్చేద్దాం. నీళ్ళు లేని బావి పిల్లల్ని మింగడానికి తప్ప దేనికి? కుళాయి ఉందిగా."

"కుళాయి నీళ్ళతో నువ్వు మొహం కడుక్కో అక్కా, నేను తోఫు చెయ్యలేను" అంది దూ వదిన.

"నీ ఒక్కదాని కోసం బావి తెరిచి ఉంచనా? చూడు, నేనేం గాలికి మాట్లాడట్లేదు. వెదురుబొంగు కూడా తెప్పించా."

బావిని ఊరికే పూడిస్తే సందులోవాళ్ళకి కళ్ళు పోతాయంటారు. మధ్యలో ఒక వెదురుబొంగు నిలబెట్టి, బావి ఊపిరి పీల్చుకునే దారి వదిలి, చుట్టూ మట్టి వెయ్యాలి. ఆ బొంగు పచ్చగా, నా రెండు నిలువుల పొడుగున దుకాణం గోడకే ఆనించి ఉంది. వదిన తోఫు అమ్ముతున్నంతసేపూ అది ఆమె తల పక్కనే ఉండేది.

పండుగకి ఇంకా వారం ఉందనగా మమ్మల్ని పిలిచింది. నేను దిగాను. ఉన్న బురదంతా ఎత్తి పంపాను. పొలుసుల సందుల్లో మట్టి వేళ్ళతో గీకి తీశాను. బండ తేలింది. కింద తడి ఉందంతే, నీళ్ళు లేవు. పైకి వచ్చేసరికి వదిన వేడి వేడి మిరియాల చారులో తోఫు ముక్కలేసి రెండు గిన్నెలు పెట్టింది. పాత నీళ్ళతో చేసిన ఆఖరి తోఫు పలక అది.

"ఏం మామా, మీ నాగరాజు సెలవు పెట్టాడా?"

మామ గిన్నెలోకి చూస్తూ అన్నాడు. "అయిపోయిందమ్మా. ఆయన వెళ్ళిపోయాడు. నీ తిరగలి విప్పి అమ్మేసుకో."

ఆమె నవ్వలేదు. నావైపు తిరిగింది. "నువ్వు పొద్దున్నించీ ఏం గీకావయ్యా అంతసేపు?"

"పొలుసులు."

"పొలుసులు ఎట్లా ఉంటాయి?"

నాకు చెప్పడం రాదు. చారులో ముంచిన పుల్లతో బల్ల మీద గీసి చూపించాను. గుండ్రం. దాన్ని కొన్ని వాటాలు చేసి, వాటా వాటాలో ఏటవాలుగా గీతలు, ఒక వాటా ఒకవైపు వాలితే పక్క వాటా ఇంకోవైపు.

ఆమె ఆ బొమ్మను చూసి, చేతిలో గరిటె కింద పెట్టింది.

"నోరు మధ్యలో ఉంటుందా, ఒక పక్కకా?"

"పక్కకి."

"మధ్యలో ఏముంటుంది?"

"చిన్న గుంట. బొటనవేలు పడుతుంది."

వదిన నా మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తిరగలి పైరాయి, అరిగిన గీతలకి మళ్ళీ గాట్లు కొట్టడానికి, అప్పటికే ఎత్తి గోడకు ఆనించి ఉంది. నీళ్ళు లేక రాయి ఎలాగూ ఖాళీ. దాని ముఖం మీద దోసెడు కుళాయి నీళ్ళు కొట్టి, "కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టు" అంది.

పెట్టాను. ఏటవాలు గీతలు. పక్కకి కన్నం, గింజలు పోసేది. మధ్యలో గుంట, కింది రాయి మేకు కూర్చునేది. పదేళ్ళుగా నా పాదాలకి తెలిసిన చోటు అది, ఇప్పుడు చేతికి తెలిసింది.

"అది పడక కాదు. తిరగలి పైరాయి. పెద్దది, గాడిద తిప్పేది. బోర్లించి ఉండాల్సింది వెల్లకిలా ఉంది" అంది వదిన.

బయట మామ విని గిన్నె పక్కకి నెట్టాడు. "మా ముత్తాత దణ్ణం పెట్టిన చోటుని తిరగలంటావా? నోరు జాగ్రత్త."

"జాగ్రత్తగానే అడుగుతున్నా మామా. ఈ ఊరి మట్టిలో రాయి ఎక్కడిది? గులకరాయి దొరికితే పిల్లలు జేబులో దాచుకుంటారు. ఎంత తవ్వినా ఒండ్రే కదా. అంత బండ ఎట్లా వచ్చింది, నడిచి వచ్చిందా?"

మామ బావివైపు తిరిగాడు. ఆయన మనసులో ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పాడు. షాన్షీ కొండల్లో బావి ఎంత తవ్వినా ఆఖరికి బండే తగులుతుంది. అక్కడి నుంచి వచ్చిన ముత్తాతలు ఇక్కడ తడిగా ఉన్న చోట ఇసుక తవ్వుకుంటూ పోయారు. బండ తగిలింది. బావి అడుగు చేరామని సంతోషించి, దాని చుట్టూ ఇటుకలు పేర్చుకుంటూ పైకొచ్చారు. ఈ నేలలో పుట్టినవాడైతే ఆ రాయిని చూడగానే ఉలిక్కిపడేవాడు. కొండవాళ్ళకది మామూలు రాయి.

కాసేపటికి మామ లేచి చొక్కా విప్పాడు. అరవై దాటినవాడు, పదేళ్ళుగా దిగనివాడు. "తాడు పట్టు" అన్నాడు నాతో.

"నేను దిగుతా."

"గుడ్డలు కుక్కింది మా వాళ్ళు. తీసేదీ మేమే."

కింద ఆయన ఏం చేస్తున్నాడో తాడులో తెలుస్తూనే ఉంది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు కదలలేదు, దణ్ణం పెట్టుకుంటున్నాడు కాబోలు. తర్వాత బుట్ట పైకి పంపాడు. ఎర్రగుడ్డలు. పైన మా చేతి గుడ్డలు, కింద మట్టిరంగు తిరిగినవి, ఇంకా కింద పీచయిపోయినవి. తరతరాల భక్తి బిరడాలాగా గట్టిపడి వచ్చింది.

"చూశావా, నీళ్ళియ్యమని అడుగుతూ ఆయన నోట్లోనే గుడ్డలు కుక్కారు" అంది వదిన. నవ్వబోయి ఆగిపోయింది.

మామ ఇటుక పెళ్ళ ఒకటి ఆ కన్నంలో వదిలాడు. మేం పైనుంచి వినడానికి వంగాం. ఏమీ వినపడలేదు. ఇంక వినపడదని నేను తల ఎత్తబోతుండగా, ఎక్కడో చాలా కింద, బావికి కూడా బావి ఉన్నట్టు, నీళ్ళు పలికాయి.

"లాగు నన్ను" అన్నాడు మామ. పైకి వచ్చి బావి గట్టు మీద కూర్చున్నాడు. ఒంటి మీద బురద తుడుచుకోలేదు. "అడుగు అనుకున్నాం. మూత అది" అన్నాడు.

ఇంతదాకా వచ్చి వెనక్కి తగ్గుతాడేమోనని వదిన భయం. మూత కదిపితే ఇసుక జారి లోపల పూడిపోవచ్చు. ఉన్న తడి కూడా పోవచ్చు. మామ ఆ మాటే అన్నాడు. "పోతే ఇంక బావి లేదు, నీకు దుకాణం లేదు. నువ్వు చెప్పాలి."

వదిన వెదురుబొంగు వంక చూసింది. "ఎత్తండి" అంది.

ల్యాంగ్ అక్కకి కబురు వెళ్ళింది. అరుస్తుందనుకున్నాం. వచ్చి, గుడ్డల బుట్ట చూసి, బావిలోకి తొంగి చూసి, తిన్నగా పక్క వీధికి పోయింది. భవనం పనివాళ్ళ దగ్గర్నించి గొలుసు కప్పీనీ, దాన్ని మోసే నలుగురు మనుషుల్నీ తోలుకొచ్చింది. "నీళ్ళు మింగింది వాళ్ళేగా, ఆ మాత్రం చెయ్యనీ" అంది.

మూడు దుంగలు కట్టి కప్పీ వేలాడదీశాం. నేను దిగి కన్నంలోంచి ఇనప కడ్డీ పోనిచ్చి గొలుసు తగిలించాను. రాతి అంచు చుట్టూ ఉన్న ఒండ్రు గీకుతుంటే బురద కానిదేదో ఉలికి తగిలింది. గట్టిగా, పసుప్పచ్చగా ఉంది. సున్నం, నార, నూనె కలిపి దంచిన ముద్ద. పడవ అతుకుల్లో నీళ్ళు దూరకుండా కూరేది. ఎవరో ఆ రాయిని బావి మూతి మీదికి దొర్లించి వదిలేసి పోలేదు. అంచు చుట్టూ కూర్చుని, వెంట్రుకంత కూడా సందు లేకుండా, పడవకి చేసినట్టు అతికారు. కన్నం అంచుకీ అదే ముద్ద పెళ్ళలు అంటి ఉన్నాయి; దాన్నీ మూశారు, ఆ బిరడా ముత్తాతలు తవ్వినప్పుడు ఊడినట్టుంది. ఒక చోట ముద్ద మీద వేళ్ళ అచ్చులున్నాయి. నా వేళ్ళ కంటే సన్నవి. నా వేళ్ళు ఆ గుంటల్లో పెట్టి చూసి, వెంటనే తీసేశాను. ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు అనిపించింది.

మింగ్ రాజుల ఆఖరి రోజుల్లో తిరుగుబాటు సేన ఊరిని చుట్టుముట్టి ఉండగా నది కట్ట తెగింది. తెంచారనే అంటారు. ఎవరు తెంచారన్నది ఇప్పటికీ తగువే. నీళ్ళు ప్రాకారం దాటి వచ్చాయి. ఊరు ఊరంతా పోయి, ఇరవై ఏళ్ళు ఇసుకలో పడి ఉంది. ఇది బళ్ళో నాకు చెప్పిన కొద్ది మాటల్లో ఒకటి. అప్పుడు వినేశాను. ఇప్పుడు ఆ సున్నం ముద్ద ముందు కూర్చుంటే, జనం ఇళ్ళ కప్పులెక్కుతున్న ఆ పూట ఒకళ్ళు బావి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉండటం కనిపించింది.

రాయి లేచింది. లేచేటప్పుడు బావి ఒక్కసారి గాలి వదిలింది. పాత పాతాళపు చల్లగాలి. ఇసుక జారలేదు.

ముందు దీపం దింపాం. ఆరలేదు. అప్పుడు నేను దిగాను.

మూత కింద మింగ్ కాలం నాటి బావి గట్టు ఉంది, తెల్లరాయి ఉంగరంలాగా. దాని లోపలి అంచు నిండా తాళ్ళు కోసిన గాళ్ళు. నా వేలు రెండు కణుపులు దిగింది. రాయిని తాడు కొయ్యాలంటే ఎన్ని పొద్దులు, ఎన్ని చేతులు కావాలి? దాని కింద మూరెడేసి ఇటుకలు, ఒక్కటి కూడా కదలలేదు. కొంత దిగాక ఇటుక మారింది. బావి కొంచెం ఇరుకైంది. అక్కడ ఇంకో గట్టు, ఇటుకతో కట్టింది. దాని అంచు మీదా తాడు గాళ్ళే. అంటే ఇదీ ఒకప్పుడు నేల మట్టమే. ఇక్కడా నిలబడి ఎవరో నీళ్ళు తోడారు. నది వచ్చి పూడిస్తే, తర్వాతివాళ్ళు ఈ గట్టు మీదే ఇటుకలు పేర్చి బావిని పైకి తెచ్చుకున్నారు. ఇంకా కిందికి దిగితే, పుచ్చకాయ ముక్కల్లా ఒక వైపు సన్నగా కోసిన ఇటుకలు. సున్నం లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. అవి సోంగ్ రాజులు ఇక్కడి నుంచే దేశమంతా ఏలిన రోజులవని మామ తర్వాత చెప్పాడు.

రాజ్యాలు ఒకదాని కింద ఒకటి నా భుజాలకు రాసుకుంటూ పైకి పోయాయి. ఒక సింహాసనం కూలింది, ఇంకోటి వచ్చింది, దాన్నీ నది కప్పింది. తాడు మాత్రం ఒకే చోట కోస్తూ వచ్చింది. నాకు పేర్లు గుర్తులేవు. బళ్ళో చెప్పినవాటిలో సగం చక్రవర్తుల పేర్లే, అన్నీ మర్చిపోయాను. ఆ పూట ఒక్క పేరు కూడా కావాలనిపించలేదు.

కింద నీళ్ళు. నల్లగా, కదలకుండా. వాటిలో నాణెమంత ఆకాశం, అందులో మామ తల. ఆ నీళ్ళు ఆకాశాన్ని చూసి మూడు వందల ఏళ్ళు దాటింది.

"అల్లుడూ, ఏముంది?"

నేను నీళ్ళ వంకే చూస్తున్నాను.

"వీడికి మామూలప్పుడే మాట రాదు" అంటున్నాడు మామ పైన ఎవరితోనో.

"బంగారం ఉందేమో అడుగు" అని ఒకడు.

"నీళ్ళున్నాయా, అది అడగండి ముందు." అది వదిన గొంతు.

"ఉన్నాయి" అన్నాను. నా మాట ఆ ఇటుకలన్నిటికీ తగిలి, నాకంటే ముందే పైకి పోయింది.

మొదటి బిందె వదిన చేతికే ఇచ్చాం. దోసిట్లో పట్టి తాగింది. బిందె ఎత్తుకుని లోపలికి పోయి గింజలు నానబోసింది. మర్నాడు పొద్దున సందు సందంతా దుకాణం ముందే ఉంది. ల్యాంగ్ అక్క అందరికంటే ముందు నిలబడింది. వదిన బరువు దించి, గుడ్డ విప్పి, పలక మీద చేత్తో చిన్నగా చరిచింది. పలక వణికి, మళ్ళీ నిలబడింది. కత్తి పెడితే అంచు గాజులా తెగింది. ల్యాంగ్ అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి, ఇంకో ముక్కకి చెయ్యి చాచింది.

"మరి ఆ వెదురుబొంగు?" అన్నాడెవరో.

"దాని మీద తోఫు గుడ్డలారేసుకుంటుంది. పోండి, ఇంక పనులు చూసుకోండి" అంది ల్యాంగ్ అక్క.

బావి గట్టు పక్కన రాయిని కడిగి ఎండబెట్టాం. జనం పలచబడ్డాక వదిన వచ్చి దాని ముందు చతికిలబడింది. గీతల మీద వేలు పోనిచ్చింది, పదునున్న పక్క మొదట, అరిగిన పక్క తర్వాత. మళ్ళీ వెనక్కి.

"మామా, మీ నాగరాజు ఒక పక్కకే ఎందుకు పడుకున్నాడో తెలుసా?"

"ఎందుకు?"

"అరిగిన రాయికి కొత్తగా గాట్లు కొడుతున్నారు. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చారు. ఈ గీత చూడండి, మధ్యలో ఆగింది." ఆమె వేలు ఆ గీత చివర నిలిచింది. "ఉలి పక్కన పడేసి లేచినట్టున్నారు."

మామ వంగి చూశాడు. నేనూ చూశాను. గీత సగం కొత్తది, సగం పాతది. కట్ట తెగిందని ఎవరో అరిచి ఉంటారు. పైరాయి ఎలాగూ విప్పి ఉంది. ఆ రాయితో బతికే మనిషి దాన్ని బావి మీదికి దొర్లించింది, లేదా దొర్లించాడు. వేళ్ళ అచ్చుల్ని బట్టి ఆడమనిషే అనుకుంటాను నేను. మళ్ళీ వచ్చేవాళ్ళకి నీళ్ళుంటే చాలనుకుంది. పిండి సంగతి తర్వాత. వాళ్ళెవరూ రాలేదు. కొండల నుంచి మామ ముత్తాతలు వచ్చారు.

మామ చేతులు జోడించాడు. నాగరాజుకి పెట్టినట్టే పెట్టాడు. ఈసారి సారా చల్లలేదు.

వదిన లోపలికి వెళ్ళింది. తన ఉలి, సుత్తి తెచ్చుకుని, ముక్కాలిపీట వేసుకుని రాయి ముందు కూర్చుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు మామ.

"ఇంకో సగం ఉందిగా" అంది. గీత ఎక్కడ ఆగిందో అక్కడే ఉలి మొన ఆనించి, సుత్తి ఎత్తింది.